లక్కీ డ్రా టిక్కెట్టా? చందా రసీదా?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన ఆడపిల్లల హాస్టలు గదులకు డబ్బు చాలనప్పుడు, "పది రూపాయల టిక్కెట్లు అమ్మి, డ్రా తీసి, గెలిచినవారికి కుట్టుమిషను ఇద్దాం" అనే సలహా వచ్చింది. మేమూ సరేనన్నాం. దాచడమెందుకు, టిక్కెట్లు అచ్చుకిచ్చేదాకా వచ్చాం. అంతలో బట్టలు కుట్టి బతికే ఒక చెల్లెలు అడిగింది: "భాయ్, మిషను నాకు రాకపోతే నా డబ్బు తిరిగిస్తారా?" మాకు నోట మాట రాలేదు. ఆమె ఇవ్వబోయింది చందా కాదు, పందెం. ఓడిపోయేదీ ఆమెలాంటి వారే.

ఆ తర్వాత చట్టం సంగతి వాకబు చేశాం. డబ్బు తీసుకోవడం, బహుమతి ఇవ్వడం, అది అదృష్టం మీద తేలడం, ఈ మూడూ కలిస్తే లాటరీయే. 'లక్కీ డ్రా' అని పేరు పెట్టినంత మాత్రాన దాని స్వభావం మారదు. 1870 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ 294-ఏ సెక్షను దీనిని నేరంగా చూసింది. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షను వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం నడిపేది గాని, అనుమతించినది గాని కాని లాటరీ తీయడానికి ఆఫీసు పెడితే 6 నెలల వరకు జైలు, లేక జుర్మానా, లేక రెండూను. దాని ప్రకటన వేస్తే 5,000 రూపాయల వరకు జుర్మానా. ధర్మకార్యం కోసమన్న మినహాయింపు ఆ సెక్షనులో లేదు. అంటే ఈ సావనీరులో ప్రకటన వేసినా చిక్కే!

మరి పోటీల మాటేమిటి? అక్షరాలు, అంకెలు కూర్చే పజిళ్ళకు 1955 నాటి ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం కట్టడి పెట్టింది. అది జూదం వంటి పోటీలకే గాని, నేర్పుతో గెలిచే పోటీలకు వర్తించదని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. నేర్పు ఆటైనా, అదృష్టం ఆటైనా వాటిని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. మన కుర్రవాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఇక దీన్ మాట వేరే చెప్పాలా? ఖురాన్ 5వ సూరా 90వ ఆయతు జూదాన్ని మద్యంతోపాటు నిషేధించింది. మస్జిదులో వినే మాటా, కోర్టులో వినే మాటా ఇక్కడ ఒక్కటే. చట్టం చదివాక గాని మాకు ఆ మాట గుర్తుకు రాకపోవడం మా లోపమే. ఒప్పుకుంటున్నాం.

టిక్కెట్లు మానేసి, పది రూపాయల చందా రసీదు పుస్తకాలు వేయించాం. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెట్టాం. ప్రవేశ రుసుము లేదు. బహుమతులు దాతలిచ్చారు, తీర్పు టీచర్లు చెప్పారు. డ్రా వల్ల వస్తుందనుకున్నంత డబ్బు రాలేదు. రెండు గదులకు ఇంకా కప్పు పడలేదు.

అయినా ఆ చెల్లెలే వచ్చి పది రూపాయలిచ్చి రసీదు తీసుకుంది. ఈసారి తిరిగిస్తారా అని అడగలేదు. ఆ కప్పు వేయడం ఇక మనందరి బాధ్యత. రసీదు పుస్తకాలు బయట బల్ల మీద ఉన్నాయి. ఖుదా హాఫిజ్.