మొక్కకు పుట్టినూరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



దాచేపల్లి ప్రాంతపు రైతు మిరప విత్తనము కొనునప్పుడు ఎంత జాగరూకుడో అందరకును తెలిసినదే. ఏ కంపెనీది, ఏ లాటుది, గడువెప్పటివరకు, నిరుడు ఎవరి చేలో ఎట్లు కాసినది అని పదిమందిని విచారించును. రసీదు లేనిదే పొట్లము చేతబట్టడు. ప్రత్తి విత్తనమునకును ఇదే విచారణ. ఆ పైరు ఆయుర్దాయము ఆరు నెలలు, మించిన ఎనిమిది నెలలు. ఆ రైతే ఇంటి ముందర నీడకొరకో, బడి ఆవరణలో నాటుటకో ఒక చెట్టు మొక్కను కొనునప్పుడు మాత్రము ఒక్క ప్రశ్నయు వేయడు. ఆకు పచ్చగా నున్నదా, వెల చౌకగా నున్నదా యని చూచి బండిలో పెట్టుకొని వచ్చును. ఆ చెట్టు మనుమల కాలమువరకు నిలుచును. ఆరు నెలల పైరునకు పది ప్రశ్నలు వేసి, అరువదేండ్ల చెట్టునకు ఒక్కటియు వేయకుండుట లెక్కకు పొసగని సంగతి. మొక్కకు పుట్టినూరేది, దానిని పెంచినవాడెట్టివాడు అను రెండు ప్రశ్నలను గూర్చియే ఈ ప్రసంగము.

స్థానిక వృక్షమనగా నేమి? ఒక నేలలో, ఒక వానలో, ఒక ఎండలో మనుష్యుని సాయము లేకయే తరతరములుగా పుట్టి పెరిగి, అచ్చటి పక్షులకును, పురుగులకును, పశువులకును అలవాటైన వృక్షము. తెలుగు దేశపుదన్నంతమాత్రమున చాలదు. ఎర్రచందనము తెలుగు దేశమునకు కీర్తి తెచ్చిన చెట్టే. కాని దాని సహజ నివాసము శేషాచలము మొదలగు దక్షిణపు కొండలు, పలనాటి నల్లరేగడి కాదు. అట్లే పరదేశపుదన్నంతమాత్రమున ద్వేషింప నక్కరలేదు. ఈ సీమ రైతునకు జీవనాధారమైన మిరప అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసు వర్తకుల ఓడలలో వచ్చినది. పులుసునకు ప్రాణమైన చింత ఆఫ్రికాలో పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను మిరప రైతు వేసిన గట్టు దాటి పోదు. చింత అనేక శతాబ్దములుగా ఊరివారితో పొత్తు కుదుర్చుకొన్నది. భయపడవలసినది గట్టు దాటి పోవు మొక్కను చూచి.

అందుకు దృష్టాంతము సర్కారు తుమ్మ. అమెరికా ఖండమునకు చెందిన ఈ చెట్టును, వంటచెరకు కొరత తీర్చుటకై అటవీశాఖవారు విత్తనములు తెప్పించి, 1877 ప్రాంతమున కడప మండలములోని కమలాపురమున నాటించిరి. ఉద్దేశము మంచిదే. పేదల పొయ్యిలకు కట్టెయు బొగ్గును దానివలన లభించినవి. కాని పశువులు కాయలు తిని పేడతో విత్తనములు చల్లగా, అది చెరువులను, డొంకలను, పోరంబోకులను ఆక్రమించినది. దాని క్రింద పచ్చిక పెరుగుట అరుదు. 140 ఏండ్లు దాటినను దానిని పెకలించుట ఎవరి వశమును కాలేదు.

జమ్మి దీనికి చుట్టమే. రెండును ఒకే కుదురునకు చెందినవని శాస్త్రజ్ఞులు చిరకాలము ఎంచిరి. కాని గుణమెంత వేరు! తిక్కన సోమయాజి విరాటపర్వమున పాండవులు ఆయుధములు దాచినది ఈ చెట్టుమీదనే. విజయదశమినాడు ఊరు ఊరంతయు పూజించునదియు దీనినే. రాజస్థానములో జమ్మి క్రిందనే సజ్జ పండించుకొందురు. అచ్చటి ఖేజడ్లీ గ్రామమున 1730లో ఈ చెట్లను నరకనీయక 363 మంది బిష్ణోయీలు ప్రాణములర్పించిరి. తెలంగాణ రాష్ట్రము జమ్మిని, ఆంధ్రప్రదేశ్ వేపను రాష్ట్ర వృక్షములుగా గైకొన్నవి.

సర్కారు తుమ్మ పాతకథ యని త్రోసివేయ వీలులేదు. సోమాలియా, యెమెన్ తీరములకు చెందిన కోనోకార్పస్ అను చెట్టును ఇటీవలనే రోడ్ల నడుమ బారులుగా నాటిరి. త్వరగా పెరుగును, ఎల్లకాలము పచ్చగా నుండును, పశువు ముట్టదు అని దానిని మెచ్చుకొనిరి. పశువు ముట్టని పచ్చదనము ఊరికి ఎంత ఉపకారమో ఆలోచింపలేదు. 2015లో ఆరంభమైన హరితహారములో దీనిని విరివిగా నాటిన తెలంగాణలోనే, పిదప నాటవలదని ఉత్తరువులు వెలువడినవి. 2023లో గుజరాతు ప్రభుత్వము దానిని నిషేధించెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రియు దీనిని విడిచి దేశవాళీ చెట్లనే నాటుడని కోరిరి. నాటుటకు ప్రజల సొమ్మే, పెరుకుటకును ప్రజల సొమ్మే.

ఇక ఈ నేల సంగతి. పలనాటి నీటి ఎద్దడిని, జొన్నకూటిని వేళాకోళము చేసిన చాటువులు శ్రీనాథునివిగా ప్రసిద్ధములు. నాగార్జునసాగరు కాలువలు వచ్చి పొలములు తడిసినను, వేసవి యెండ తగ్గలేదు, నేల అడుగున నాపరాయి కరగలేదు. పొరుగున పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందినదన్నచో ఈ నేలలో సున్నపుపాలెంతయో ఊహింపవచ్చును. అట్టి నేలను వేప, కానుగ, జమ్మి, నల్లతుమ్మ ఓర్చుకొనును. రావి, మర్రి, జువ్వి, మేడి పక్షులకు అన్నసత్రములు. కాని వీనిని గోడలకు దూరముగా నాటవలెను. వాగుల ఒడ్డున నేరేడు, తెల్లమద్ది తగును. కంచెకు వావిలి, తంగేడు చాలును; నడివేసవిలో కన్నులకు విందు కావలెనన్న రేల కలదు. ఇవి కేవలము అలంకారములు కావు. కానుగ రొట్ట పొలమునకు ఎరువు. వేపగింజల కషాయము మిరపకును ప్రత్తికిని మందు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున, ఏ చెట్టు ఏ పుట్టచెంత నున్న ఎంతలోతున నీరుండునో వివరించెను. ఆ లెక్కలన్నియు నేడు నిలుచునా లేదా యనునది అటుండనిండు. స్వయముగా మొలచిన చెట్టు నేలగుణమును చెప్పునని పూర్వులు గ్రహించిన మాట నిజము. కొనితెచ్చి నాటిన పరదేశపు చెట్టు ఆ సాక్ష్యము చెప్పజాలదు.

మంచి జాతిని ఎంచుకొన్నంతమాత్రమున పని ముగియదు. దానిని పెంచిన నర్సరీయు మంచిదై యుండవలెను. తూర్పుగోదావరి జిల్లా కడియము, కడియపులంక గ్రామముల నర్సరీలు దేశమంతటికిని మొక్కలు పంపుచున్నవి. ఆ పనివారి నేర్పు కొనియాడదగినది. అయితే గోదావరి ఒండ్రుమట్టిలో, చల్లని నీడలో పెరిగిన మొక్కను తెచ్చి పలనాటి యెండలో ఆనాడే నాటినచో తాళలేదు. కొన్ని దినములు క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను. దగ్గరి నర్సరీలో ఈ నేలనే పుట్టిన గింజనుండి పెంచినదైనచో ఆ బాధ తగ్గును.

కొనువారు నర్సరీలో అడుగవలసిన ప్రశ్నలు ఐదు. మొదటిది: గింజ ఎచ్చటిది, ఎన్ని చెట్లది? ఒకే చెట్టు గింజలైనచో అన్నిటికిని ఒకే బలహీనత యుండవచ్చును. 2021లో తెలుగు జిల్లాలలో వేపచెట్లు కొమ్మల కొసలనుండి ఎండిపోయినప్పుడు దానికొక బూజుతెగులు కారణమని శాస్త్రజ్ఞులు తేల్చిరి. అట్టి ఆపదలో పలుచెట్ల సంతానమునందు కొన్నియైనను తట్టుకొని నిలుచునన్న ఆశ యుండును. రెండవది: మొక్క గింజనుండి మొలిచినదా, అడవినుండి పెరికి తెచ్చినదా? అడవిని కొల్లగొట్టి ఊరిని పచ్చన చేయుట ధర్మము కాదు. మూడవది: సంచిలో ఎన్నాళ్లనుండి యున్నది? ఏండ్లతరబడి యున్న మొక్క వేళ్లు సంచిలోపల చుట్టలు చుట్టుకొని, నాటిన పిదపను విప్పుకొనక, పెద్దగాలికి చెట్టును పడవేయును. నాలుగవది: ఏ మందులు చల్లిరి? కొన్ని మందులు మొక్క ఒంట జీర్ణించి పూవులోని తేనెవరకు ప్రాకును. తేనెటీగకు అది విషము. ఐదవది: ఖాళీ ప్లాస్టిక్ సంచులను తిరిగి తీసికొందురా? లేనిచో వనమహోత్సవమునాటి సంచులన్నియు కాలువలో తేలును.

పురుగును గూర్చి ఒక హెచ్చరిక. 2021లో గుంటూరు ప్రాంతపు మిరప తోటల పూతను నాశనము చేసిన నల్ల తామరపురుగును మరచిన రైతు లేడు. అది ఆగ్నేయాసియా పురుగు. మన దేశమున మొదట 2015లో బొప్పాయిపై కనబడినది. గ్రీసులోను, 2020లో అమెరికాలోని ఫ్లోరిడాలోను అది నర్సరీ పూలమొక్కలమీదనే దొరకినది. కుండీలోని అందమైన మొక్క ఆకు అడుగున ఒక సీమ పంటకు శత్రువు దాగియుండవచ్చును. కావున ఆకు త్రిప్పి చూచి కొనుట పిచ్చిపని కాదు.

దేశవాళీ మొక్కలు నర్సరీలలో దొరకవని కొందరందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని నర్సరీవాడు వర్తకుడు; అడిగినదే పెంచును. పదిమంది జమ్మిని అడిగిన మరుసటి ఏడు జమ్మి యుండును. ఏడాది ముందుగా చెప్పి కొంత బయానా ఇచ్చుట మంచి పద్ధతి. వేపగింజ కొలది వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును; జ్యేష్ఠాషాఢములలో పండు రాలగనే ఏరి, కడిగి, విత్తవలెను. ఆ అదను తప్పిన ఆ సంవత్సరము తప్పినట్లే.

ఇందుకు ఈ గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. పూర్వపు గ్రామలెక్కలలో పోరంబోకు చెట్ల ఫలసాయమునకు 2సి పట్టాలుండెడివి; ఏ చెట్టు ఎవరి అనుభవములో నున్నదో కాగితమున కెక్కెడిది. అట్లే గ్రంథాలయమున తల్లిచెట్ల పుస్తకమొకటి తెరువవచ్చును. చెట్టు పేరు, ఉన్నచోటు, కాయ పండు నెల, గింజ ఏరిన తేదీ, ఇచ్చిన నర్సరీ: ఈ ఐదు గడులు చాలును. బడిపిల్లలు చెట్లను వెదకి చెప్పుదురు, పెద్దలు పేర్లు చెప్పుదురు, అక్షరము వచ్చినవారెవరైనను వ్రాయుదురు. ఆ పుస్తకము కొనుటకు పెద్ద వ్యయము లేదు.

చందాదారులు గ్రంథము తీసికొనునప్పుడు కర్త యెవరు, ముద్రణ ఎన్నవది అని చూచుట ఈ యిరువదియైదేండ్లలో నేర్చుకొన్నారు. ఆ అలవాటునే మొక్కల దగ్గరకును తీసికొనిపోవుదురుగాక. రాబోవు వానకారునకు ముందే తల్లిచెట్ల పుస్తకమున మొదటి పుట నిండుగాక.