తుపాకి దూరదర్శినిని నిలువుగా నమర్చుట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

తుపాకి మాట వినగానే కొందరు పెద్దలు కనుబొమలు ముడిచిరి. మేము వేటను గూర్చి మాటలాడబోము. గురి చూచు గాజులోని ఒక గీత నిలువుగా నుండుటను గూర్చియే చెప్పెదము.

ఉద్యోగ కాలమున మేమొక సాయుధ దళపు ఆయుధశాలలో నుంటిమి. అచటి యువకుడొకడు 100 మీటర్ల వద్ద నడిమి చుక్కను తప్పక కొట్టెడివాడు. 500 మీటర్లకు పోగానే అతని తూటాలన్నియు కుడివైపునకు తొలగుచుండెను. ట్రిగ్గరు లాగుట రాదని మేమే అతనిని నలుగురిలో మందలించితిమి. అతడు మారు పలుకక, రాత్రులు ఖాళీ తుపాకితో సాధన చేసెను. నెల గడచిన పిదప పరీక్షించి చూడగా దూరదర్శిని కుడికి ఒరిగియున్నది. దానిని బిగించినది మేమే!

తుపాకిపై మేమే అమర్చిన చిన్న రసమట్టములో బుడగను నడుమ నిలుపుకొని అతడు కాల్చెడివాడు. తుపాకి నిటారుగనే యుండెను. లోపలి గీత మాత్రము వంగియుండెను. దూరమునకు తూటా క్రిందికి జారును గనుక మర త్రిప్పి గురిని పైకెత్తుదుము. గీత వంగియున్నచో ఆ ఎత్తు ఏటవాలుగా పోవును. 160 సెంటీమీటర్లు ఎత్తవలసినచోట 3 డిగ్రీల వంపున్నచో తూటా 8 సెంటీమీటర్లకు పైగా ప్రక్కకు పోవును. 100 మీటర్ల వద్దనే గురి సరిచేసికొందుము గావున అచట ఈ దోషము కానరాదు.

ఇక పని చేయు విధము. ముందుగా తుపాకిలో తూటా లేదని చూచి, మరల చూడవలెను. దూరదర్శినిని కట్లలో వదులుగా నుంచి, కన్నులు మూసి చెంప నానించి తెరచినపుడు నల్లని నీడ లేక దృశ్యము నిండుగా కనబడునట్లు ముందువెనుకలకు జరుపవలెను. చాలవాటికి కంటినుండి 8, 9 సెంటీమీటర్ల దూరము కుదురును. మరీ దగ్గరైనచో వెనుకతన్నునకు కనుబొమ చిట్లును.

తరువాత తుపాకిని పట్టుకొయ్యలో బిగించి, పైనున్న చదునైన భాగమున రసమట్టము నుంచి సరిచేయవలెను. ఎదుట 20, 25 మీటర్ల దూరమున, తాపీ మేస్త్రీలు గోడకు చేయునట్లే, గుండు కట్టిన దారమును వ్రేలాడదీయవలెను. గాలి లేని వేళ మేలు. నిలువుగీత ఆ దారముపై కలియునట్లు దూరదర్శినిని త్రిప్పవలెను. మేము నాడు దారము కట్టక, మరమూతపై మట్టము నుంచి తృప్తిపడితిమి. మూత మట్టముగా నున్నంతమాత్రమున లోపలి గీత నిలువని నమ్మరాదు.

కట్ల మరలను మూలకు మూల మార్చుచు కొద్దికొద్దిగా బిగింపవలెను. ఒక ప్రక్కనే బిగించినచో గొట్టము తిరుగును. బిగించిన పిదప దారమును మరల చూడవలెను. చాలమంది ఇచటనే తొందరపడుదురు.

నాడు పొడవైన కాగితముపై గుండుదారముతో నిలువుగీత గీసి, 100 మీటర్ల వద్ద నిలిపితిమి. అతడు అడుగుననున్న చుక్కనే గురిచూచుచు, మరను పైకి త్రిప్పుచు కాల్చెను. తూటాలు గీత వెంబడి ఎక్కినవి. మందలించిననాడు అచటనున్న నలుగురినే పిలిచి, వారి యెదుట మేము అతనిని క్షమింపుమని కోరితిమి.