సూరతు కోట - సముద్రపు దొంగలు



ఉద్యోగరీత్యా సూరతు చేరిన తెలుగువారు చౌక్ బజారు మీదుగా ఎన్నియో మారులు పోయియుందురు. ఆ ప్రక్కనే తపతీ తీరమున నున్న పాతకోటలో అడుగిడినవారు మాత్రము తక్కువ. దానిని ద్వీపదుర్గమని ఎవరును పిలువరు. కాని ఒకవైపు నది, తక్కిన వైపుల 60 అడుగుల వెడల్పున నీటితో నిండిన అగడ్త ఉండిన నాటి రూపమును తలచుకొన్నచో ఆ పేరు చాలవరకు చెల్లును.

తెలుగువారి మచిలీపట్నమువలె సూరతు పేరుమోసిన రేవు. పోర్చుగీసువారు 1512లోను, మరల 1530, 1531 సంవత్సరములలోను నదివెంట వచ్చి దీనిని దోచి తగులబెట్టిరి. వారు తమ్ము రాజసేవకులమని చెప్పుకొనిరి. ఇల్లు కాలినవానికి ఆ భేదముతో పనియేమి? అంతట గుజరాతు సుల్తాను మూడవ మహమ్మదు, ఖుదావంద్ ఖాను అను బిరుదుగల సఫీ ఆగాకు కోట కట్టింపుమని ఆనతిచ్చెను. 1546 నాటికి అది పూర్తియయ్యెను. మూలకొక 40 అడుగుల బురుజు. గోడల మందము 13 అడుగులకు మించినది. రాళ్లను ఇనుప పట్టీలతో బిగించి, సందులలో కరగిన సీసము పోసిరని చెప్పుదురు. పని ఆపించుటకు పోర్చుగీసువారు బలమును, పిదప లంచమును కూడ ప్రయోగించి చూచిరట. ఖుదావంద్ ఖాను లొంగలేదట. ప్రభుత్వోద్యోగులకు ఈ ముక్క రుచింపకపోదు.

1573లో అక్బరు కోటను ముట్టడించి గైకొనెను. మొగలుల కాలమున మక్కాయాత్రికులకు ఇదియే ముఖద్వారము.

అయినను కోట కాపాడినది ఎవరిని? 1664 జనవరిలో శివాజీ భూమార్గమున వచ్చినపుడు నగరాధికారి ఇనాయత్ ఖాను కోటలో దూరి తలుపులు మూయించెను. ఆంగ్లేయులును, డచ్చివారును తమ వర్తకశాలలను తామే కాచుకొనిరి. విర్జీ వోరా వంటి కోటీశ్వరుని ఇల్లును దోపిడి పోయెను. కోట పడలేదు, ఊరు పడినది. ఊరిచుట్టు ఇటుకగోడ లేచినది ఆ పిమ్మటనే.

సముద్రముమీది ఓడకు ఆ గోడ నీడయు లేదు. 1695లో యాత్రికులతో సూరతునకు మరలివచ్చుచున్న ‘గంజి సవాయి’ అను మొగలు నౌకను హెన్రీ ఎవరీ అను ఆంగ్లేయ ఓడదొంగ పట్టుకొని, ప్రయాణికులను దారుణముగ హింసించి దోచెను. వార్త విని ఊరు ఉడికిపోయెను. దొంగ చిక్కలేదు, వాని జాతివారని సూరతులోని ఆంగ్లేయ వర్తకులను వారి వర్తకశాలలోనే సంకెలలతో నిర్బంధించిరి. ఆ ఆంగ్లేయులే 1759లో కోటకు స్వాములైరి!

1862లో సేనను తీసివేసి, గదులను రెవెన్యూ, పోలీసు కచేరీలకిచ్చిరి. ఫిరంగులున్న చోటికి కాగితపు కట్టలు వచ్చినవి. ఇటీవల నగరపాలక సంస్థ కోటను బాగుచేయించి ప్రజలకు తెరచినది.

చూడబోవువారు లోనికి అడుగిడునప్పుడు ఒక్కమారు వెనుదిరిగి చూడవలెను. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు కూడ మరమగ్గములు నడుపుకొని బ్రదుకుచున్న ఊరది. 1664లో తలుపులు మూసినపుడు వెలుపల మిగిలినది ఆ ఊరే.