"అమ్మ ఎప్పుడొస్తుంది?": ఈ ప్రశ్న వినే ఉద్యోగుల గురించి మాట్లాడుకుందాం

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనదే, కానీ చివరిదాకా వినండి.

ఎవరినైనా అరెస్ట్ చేశారని న్యూస్ వస్తే మనం ఏం చూస్తాం? కేసేంటి, బెయిల్ వచ్చిందా, శిక్ష ఎన్నేళ్లు? ఇంతే కదా. వాళ్లకి రెండో క్లాసు చదివే పాప ఉందనుకోండి. ఆ సాయంత్రం పాపని స్కూల్ నుంచి ఎవరు తీసుకొచ్చారు? రాత్రి అన్నం ఎవరు పెట్టారు? ఇవి అడగడమే కొంతమంది ఉద్యోగం.

మన దగ్గర 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బాలల సంక్షేమ కమిటీలు పనిచేస్తాయి. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఈ కమిటీ. ఇంటికెళ్లి విచారించేది, పిల్లలతో మాట్లాడేది మాత్రం జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్లు. సోషల్ వర్కర్, కౌన్సెలర్, ప్రొటెక్షన్ ఆఫీసర్. వీళ్లలో చాలామంది కాంట్రాక్ట్ ఉద్యోగులు. ఈరోజు మాట వీళ్ల గురించే.

ముందు రూల్స్ ఏంటో చూద్దాం. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేసు పేరు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. అందులో ఏం చెప్పారంటే, తల్లితో జైల్లో ఉన్న బిడ్డని ఖైదీలా చూడకూడదు. తిండి, బట్టలు, వైద్యం, చదువు, ఆట ఆ బిడ్డ హక్కు. జైల్లో ఉన్న తల్లికి బిడ్డ పుడితే, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు. ఆరేళ్లు నిండాక బిడ్డ లోపల ఉండకూడదు. తల్లి ఇష్ట ప్రకారం ఎవరికైనా అప్పగించాలి, లేదా హోమ్‌లో చేర్చాలి. అలా హోమ్‌లో చేరిన బిడ్డకి వారానికి కనీసం ఒక్కసారి తల్లిని చూపించాలి.

చదవడానికి బాగుంది. ఇప్పుడు దీన్ని అమలు చేసే మనిషి వైపు నుంచి చూడండి.

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరు అనుకుందాం. తల్లికి శిక్ష పడి రాజమండ్రి మహిళా జైల్లో ఉంది. పాప అమ్మమ్మ దగ్గర ఉంది. మధ్యలో దాదాపు 300 కిలోమీటర్లు. పాపని తీసుకెళ్లి తీసుకురావడమంటే ఒక రోజంతా ప్రయాణం. స్కూల్ పోతుంది, అమ్మమ్మ కూలి పోతుంది. ఛార్జీలు ఎవరివి? ములాఖత్ టైమ్ దాటిపోతే? ఈ లెక్కలన్నీ చివరికి ఆ సోషల్ వర్కర్ నెత్తి మీదే పడతాయి.

దీనికంటే కష్టమైంది ఇంకోటుంది. ఇంట్లోకి అడుగు పెట్టగానే అమ్మమ్మ పక్కకి పిలిచి చెవిలో చెప్తుంది: "వాళ్లమ్మ దుబాయ్ వెళ్లిందని చెప్పామమ్మా, నువ్వూ అదే చెప్పు." ఇప్పుడేం చెయ్యాలి? అబద్ధానికి తోడు పోతే, రేపు క్లాస్‌లో ఎవడో ఫోన్‌లో న్యూస్ వీడియో చూపిస్తాడు. ఆ రోజు నుంచి పాప ఎవరినీ నమ్మదు. నిజం చెప్తే అమ్మమ్మ ఇంకోసారి తలుపు తియ్యదు. అటు జైల్లో తల్లి "నా బిడ్డని నాకు కాకుండా చేస్తున్నారు" అని అరుస్తుంది. ఆ కోపం న్యాయమైందే. కానీ అది పడేది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి మీద.

ఇవన్నీ చూసి సాయంత్రం ఆఫీసుకొచ్చి ఆమె రిపోర్ట్ రాయాలి. కమిటీకి ఇచ్చే సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్‌కి చట్టం పెట్టిన గడువు 15 రోజులు. రిపోర్ట్‌లో కాలమ్స్ ఉంటాయి. ఆమె ఏం మోసుకొచ్చిందో రాయడానికి కాలమ్ ఉండదు.

"ఈ ఉద్యోగానికి గుండె ధైర్యం ఉండాలండీ" అంటాం మనం. అక్కడే నాకు పేచీ. ధైర్యం కాదు, ఏర్పాట్లు కావాలి. నాకు తోచినవి ఐదు చెప్తాను.

ఒకటి, వారానికి ఒక గంట సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకునే టైమ్. ఫైల్ ఎంతవరకు వచ్చింది అని కాదు, ఈ వారం ఏ ఇల్లు నిన్ను కుదిపేసింది అని అడగడానికి. ఇంకో సంగతి కూడా అక్కడే తేలాలి. మన జైళ్లలో ఉన్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కాలేదు. "తప్పు చేసిన తల్లి కదా" అనే మాట మన మనసులో ముందే ఉంటే రిపోర్ట్ కూడా అటే వంగుతుంది.

రెండు, మొదటిసారి ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లాలి. ఒకరు పెద్దవాళ్లతో, ఒకరు పిల్లలతో.

మూడు, ములాఖత్ ఏర్పాటు. జైల్లో ఫలానా అధికారికి ఫోన్ చెయ్యొచ్చు అని ఒక పేరు, ఒక నంబర్. ప్రయాణ ఖర్చు ముందే చేతికి. దూరం మరీ ఎక్కువైన వారాల్లో ఈ-ములాఖత్ వీడియో కాల్. అయితే ఒకటి, ఫోన్‌లో చూడటం అమ్మని ముట్టుకోవడానికి సాటి రాదు.

నాలుగు, మాటల్లో శిక్షణ. ఐదేళ్ల పాపకి జైలంటే ఏమని చెప్పాలి? అమెరికాలో సెసేమ్ స్ట్రీట్ వాళ్లు 2013లో దీనికోసమే వీడియోలు చేశారు. తండ్రి జైల్లో ఉన్న బొమ్మ పాత్ర ఉంటుంది అందులో. మన భాషలో, మన ఇళ్లకి సరిపోయేలా అలాంటివి కావాలి. "అమ్మ దూరంగా ఉంది, క్షేమంగా ఉంది. నువ్వేం తప్పు చెయ్యలేదు." ఈ మూడు ముక్కలు చెప్పడం కూడా నేర్పాల్సిన పనే.

ఐదు, ఉద్యోగం మానేసేటప్పుడు అప్పగింత. కొత్తవాళ్లని వెంటబెట్టుకెళ్లి పాపకి పరిచయం చేసి వెళ్లాలి. అమ్మ ఒకరోజు చెప్పకుండా మాయమైంది. ఈ అక్క కూడా అలాగే మాయమైతే? వీళ్లకి తోడుండాలి అని నేననేది ఇందుకే. వాళ్లు అలసిపోయి వెళ్లిపోతే, పిల్లకి రెండోసారి మనిషి దూరమైనట్టు.

ఇంకో మాట. పిల్లలు అమ్మమ్మ, నానమ్మల దగ్గరే ఉండేలా చూడటం, హోమ్‌ని ఆఖరి దారిగా పెట్టుకోవడం చట్టంలోని సూత్రం. మిషన్ వాత్సల్య కింద అర్హత ఉన్న పిల్లలకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆ అప్లికేషన్ కదిలితే అమ్మమ్మకి ఊరట, వర్కర్‌కి కూడా ఊరటే.

మరి మనమేం చెయ్యగలం? అరెస్ట్ వీడియో ఫార్వర్డ్ చేసే ముందు, అందులో పిల్లల మొహమో, ఇల్లో, స్కూలో కనిపిస్తుందేమో చూడండి. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం అదే చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం. మీ వీధిలో ఇలా ఒంటరైన పిల్లలుంటే 1098కి ఫోన్ చెయ్యండి. సోషల్ వర్క్ చదువుతున్నవాళ్లు ఎవరైనా వింటుంటే, ఈ రంగంలోకి రండి. వచ్చేటప్పుడు "నాకు సూపర్‌విజన్ ఎవరిస్తారు?" అని ఇంటర్వ్యూలోనే అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదది.

మీకు తెలిసినవాళ్లెవరైనా ఈ పనిలో ఉంటే, వాళ్లకి ఇది పంపండి. వాళ్లకి ఏం కావాలో కామెంట్స్‌లో రాయమనండి, పిల్లల పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.