గాజుబుడ్డిలో నేత

చీరాల మగ్గం చూసినవారికి పాతకాలపు టెలివిజన్ మర్మం సులభంగా బోధపడుతుంది. నేతగాడు నాడె విసిరి పేక వెంట పేక చేర్చినట్లే, ఆ గాజుబుడ్డిలో విద్యుత్కణాల ధార గీత వెంట గీత గీసి బొమ్మను కూరుస్తుంది. మన దేశం అవలంబించిన పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 బొమ్మలు.

మగ్గం వెడల్పయితే బట్ట పన్నా పెరుగుతుంది. బుడ్డి అంత తేలికగా పెరగదు. లోపల గాలి ఉండరాదు. కనుక బయటి గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున దానిని అదుముతుంది. 1989లో జపానులో సోనీ సంస్థ వెలువరించిన 43 అంగుళాల టెలివిజన్ ముఖంపై ఈ భారం 5 టన్నులు దాటుతుంది. దానిని ఓర్చుకొనేందుకు గాజును దళసరిగా పోశారు. పెట్టె బరువు సుమారు 200 కిలోలైంది.

పలుచని తెరలు వచ్చిన పిదప అటువంటి బుడ్లు పోసే కొలుములు చల్లారినవి. ఒసాకాలోని ఒక భోజనశాలలో మిగిలిన పెట్టెను 2022లో అమెరికాకు చేర్చి కాపాడుకున్నారు. దాని బుడ్డి పగిలితే మరొకటి పోసేవారు లేరు.

పనితనం అంతరించాక వస్తువును దాచుకోవడమే మిగులుతుంది. చీరాలలో మగ్గం ఇంకా ఆడుతున్నది. ఆడుతుండగానే ఆదరించడం మేలు కదా!