ఏ తీగ మీద ఎవరి వేలు

రేడియోలో కర్ణాటక సంగీత కచేరీ మొదలయ్యే ముందు మనందరికీ అలవాటైన ప్రకటన ఒకటుంది. గాత్రం ఎవరిదో చెప్పి ఊరుకోరు. వయొలిన్ మీద ఎవరు, మృదంగం మీద ఎవరు, ఘటమో కంజీరో ఉంటే దాని మీద ఎవరు అని వరసగా చెబుతారు. కచేరీ ముగిశాక మళ్లీ చెబుతారు. అందులో మర్యాద ఉంది, దాంతోపాటు పాఠమూ ఉంది. పేరు విన్న చెవి ఆ వాద్యాన్ని వెతుక్కుంటుంది. గాయకుడు ఆలాపన ఆపిన చోట వయొలిన్ దేన్ని అందుకుంది, తని ఆవర్తనంలో మృదంగం ముక్తాయింపును ఎక్కడ తెచ్చి దించింది అని విడివిడిగా పట్టుకోవడం నేర్చుకుంటుంది. అంతవరకూ ఒకే ప్రవాహంలా వినిపించిన కచేరీ ముగ్గురు నలుగురి సంభాషణగా మారుతుంది. ఇవాళ ఈ చెవితోనే మనకు దూరమైన ఒక సంగీతాన్ని విందాం. ఇంగ్లండులోని లివర్‌పూల్ నుంచి వచ్చి, 1962లో తమ పేరున మొదటి రికార్డు ఇచ్చి, 1970లో విడిపోయిన బీటిల్స్ అనే నలుగురి బృందం సంగీతం అది. వాళ్ల రికార్డుల్లో ఏ పాటకు ఏ వాద్యం ఎవరు వాయించారన్నది పైకి క్విజ్ పోటీ ప్రశ్నలా కనబడుతుంది. నా దృష్టిలో మాత్రం ఆ సంగీతాన్ని వినడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ప్రశ్న లేదు. ఆ బృందం గొప్పతనం ఎక్కడుందో దానికి వచ్చే జవాబులే చెబుతాయి.

ముందు అందరూ చెప్పే పంపకం చూద్దాం. జాన్ లెనన్ రిథమ్ గిటారు, జార్జ్ హారిసన్ లీడ్ గిటారు, పాల్ మెకార్ట్నీ బేస్ గిటారు, రింగో స్టార్ డ్రమ్స్. రిథమ్ గిటారు పాటకు ఆధారస్వరాలనూ నడకనూ కలిపి ఇస్తుంది. లీడ్ గిటారు గొంతు ఆగిన చోట బాణీని అందుకుంటుంది. బేస్ అడుగున మంద్రంలో నడుస్తుంది. డ్రమ్స్ లయ చూసుకుంటాయి. వేదిక మీద ఈ పంపకం చాలావరకు నిలిచింది. రికార్డింగు గదిలో మాత్రం మొదటి రికార్డుకే చెదిరింది. ‘లవ్ మీ డూ’ పాటను లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో 1962లో మూడుసార్లు రికార్డు చేశారు. జూన్‌లో డ్రమ్స్ మీద పీట్ బెస్ట్ ఉన్నారు. సెప్టెంబరు 4న ఆయన స్థానంలోకి రింగో వచ్చారు. సెప్టెంబరు 11న ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్‌ను పిలిపించి, రింగో చేతికి టాంబొరిన్ ఇచ్చారు. మొదట విడుదలైన రికార్డు మీద ఉన్నది రింగో డ్రమ్స్. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బంలో ఉన్నది ఆండీ వైట్ డ్రమ్స్. మన కంజీరకు దూరపు చుట్టమైన టాంబొరిన్ గలగల వినబడితే డ్రమ్స్ ఆండీ వైట్‌వి, వినబడకపోతే రింగోవి. ఇదే పాటలో లెనన్ మౌతార్గాన్ వాయించారు. పాట పేరు వచ్చే పంక్తిని అంతకుముందు లెననే పాడేవారు. అది ముగుస్తుండగానే మౌతార్గాన్ ఎత్తుకోవాలి, ఒకే నోటితో రెండు పనులూ కావు. అందుకని ఆ పంక్తి మెకార్ట్నీకి వెళ్లింది. ఎవరు ఏం వాయించాలన్న సంగతి ఎవరు ఏం పాడాలో తేల్చింది. ఇది తెలిసిన చెవికి ఆ పంక్తి దగ్గర గొంతు మారడం స్పష్టంగా పట్టుబడుతుంది.

ముందుకు వెళ్లేకొద్దీ ఆ పంపకం ఇంకా సడలింది. 1966 నాటి ‘రివాల్వర్’ ఆల్బంలో ‘టాక్స్‌మాన్’ హారిసన్ రాసి పాడిన పాట. లీడ్ గిటారు కూడా ఆయన బాధ్యతే. అయినా పాట నడుమ నిప్పురవ్వలు రాల్చినట్టు వచ్చే గిటారు సోలో మెకార్ట్నీది. 1969 నాటి ‘గెట్ బ్యాక్’ పాడింది మెకార్ట్నీ, లీడ్ గిటారు పట్టింది లెనన్. 1968 ఆగస్టులో రింగో నొచ్చుకుని కొద్దిరోజులు బృందాన్ని వదిలివెళ్లినప్పుడు ‘బ్యాక్ ఇన్ ది యు.ఎస్.ఎస్.ఆర్.’ పాటలో డ్రమ్స్ పని ప్రధానంగా మెకార్ట్నీ మీద పడింది. అదే ఏడాది ‘హెల్టర్ స్కెల్టర్’లో బేస్ లెనన్ చేతికి వచ్చింది. 1969 ఏప్రిల్ 14న ‘ది బాలడ్ ఆఫ్ జాన్ అండ్ యోకో’ రికార్డు చేసేనాటికి హారిసన్, రింగో ఇద్దరూ అందుబాటులో లేరు. లెనన్ గిటార్లు వాయించారు, మెకార్ట్నీ బేస్, పియానో, డ్రమ్స్ వాయించారు, ఒక్క రోజులో పని పూర్తయింది. ఇద్దరు నలుగురి పని చేయగలిగారంటే కారణం టేపు. 1963 చివరి నుంచి వాళ్లకు నాలుగు ట్రాకుల యంత్రం దొరికింది, 1968 నుంచి ఎనిమిది ట్రాకులది. ఒక ట్రాకు మీద వాయించినదాన్ని వింటూ మరో ట్రాకు మీద ఇంకోటి వాయించవచ్చు. యంత్రం వీలు మాత్రమే ఇచ్చింది. తన పాటలో తన వాద్యాన్ని మరొకరి చేతిలో పెట్టే మనసు యంత్రం ఇచ్చేది కాదు. ఈ పాటకు ఈ క్షణాన ఎవరి చేయి తగినదన్న లెక్కకు పదవులు లొంగిన చోటే బీటిల్స్ అసలు బలం కనబడుతుంది.

అలాగని ఎవరి సొంత వాద్యంలో వారికి ప్రత్యేకత లేదనుకోవద్దు. మెకార్ట్నీ బేస్ వినండి. మామూలు పాటల్లో బేస్ అడుగున పునాదిరాయిలా కదలకుండా ఉంటుంది. 1967 నాటి ‘సార్జంట్ పెప్పర్’ ఆల్బం సమయంలో ఆయన చాలా పాటల్లో బేస్‌ను చివరగా, విడి ట్రాకు మీద రికార్డు చేసేవారు. గొంతులు, గిటార్లు, డ్రమ్స్ అన్నీ అప్పటికే టేపు మీద ఉంటాయి. ఎక్కడ ఖాళీ ఉందో విని, ఆ ఖాళీలో మంద్రంలోనే మరో బాణీ అల్లేవారు. అందుకే ఆ బేస్ పాటతోపాటు తనూ పాడుతున్నట్టుంటుంది. రింగో సంగతి ఇంకోరకం. ఆయనది ఎడమచేతి వాటం. వాయించింది కుడిచేతి వాటానికి అమర్చిన డ్రమ్స్. ఒక చరణం నుంచి ఇంకో చరణంలోకి దాటేటప్పుడు వేసే దరువు ఆయన చేతుల్లో అందరిలా నడవదు, కాస్త ఆగి, పక్కకు ఒరిగి, మళ్లీ లయలో పడుతుంది. 1966లో వచ్చిన ‘రెయిన్’ పాటలో ఇది బాగా తెలుస్తుంది. దాని వాద్యభాగాన్ని వేగంగా వాయించి, టేపును నెమ్మదింపజేశారు. డ్రమ్స్ నాదం బరువెక్కింది, చేతుల చురుకు మాత్రం పోలేదు. రింగోకు తాను వాయించినవాటిలో ఎంతో ఇష్టమైనది అదే. ఆయన సాధారణమైన డ్రమ్మర్ అన్న మాట చాలాకాలం నడిచింది. ‘బ్యాక్ ఇన్ ది యు.ఎస్.ఎస్.ఆర్.’లో మెకార్ట్నీ సూటిగా బాదుకుంటూ పోయే లయను విని, వెంటనే ‘రెయిన్’ వింటే, ఆ మాట ఎంత తొందరపాటో చెవే తేలుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. కొన్ని పాటల్లో ఈ నలుగురిలో ఎవరూ ఏమీ వాయించనే లేదు కదా, అవి బీటిల్స్ సంగీతం ఎలా అవుతాయని. ఇది కొట్టివేయదగ్గ ప్రశ్న కాదు. 1965 నాటి ‘యెస్టర్‌డే’లో మెకార్ట్నీ గొంతు, ఆయన గిటారు, నాలుగు తీగవాద్యాలు, అంతే, మిగతా ముగ్గురూ లేరు. 1966 నాటి ‘ఎలినార్ రిగ్బీ’లో గొంతులే బీటిల్స్‌వి. వాద్యాలన్నీ స్టూడియో కళాకారులవి: నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెలోలు. వాటికి స్వరం రాసింది నిర్మాత జార్జ్ మార్టిన్. 1965 నాటి ‘ఇన్ మై లైఫ్’ నడుమ పాతకాలపు యూరపు వాద్యంలా వినబడేది కూడా మార్టిన్ పియానోయే. టేపును సగం వేగంతో తిప్పుతూ వాయించి, తర్వాత మామూలు వేగంతో వినిపిస్తే ఆ నాదం వచ్చింది. 1968లో హారిసన్ పాట ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’లో లీడ్ గిటారు బయటి గిటారు కళాకారుడు ఎరిక్ క్లాప్టన్‌ది, రికార్డు అట్ట మీద ఆయన పేరు లేదు. ఆ అభ్యంతరానికి జవాబు ‘పెనీ లేన్’లో దొరుకుతుంది. 1967 జనవరిలో మెకార్ట్నీ టెలివిజన్‌లో బాఖ్ రచించిన రెండో బ్రాండెన్‌బర్గ్ కాన్‌చెర్టో విన్నారు. అందులోని సన్నని, ఎత్తయిన ట్రంపెట్ నాదం తన పాటకు కావాలనిపించింది. అది వాయించిన డేవిడ్ మేసన్‌ను పిలిపించారు. మెకార్ట్నీ స్వరాలు పాడి వినిపించారు, మార్టిన్ కాగితం మీద పెట్టారు, మేసన్ ఊదారు. కోరిక ఒకరిది, రాత మరొకరిది, ఊపిరి ఇంకొకరిది. ఈ మూడింట్లో ఏది తీసినా ఆ పాట లేదు. బయటివారి పేర్లు చెప్పినందువల్ల ఆ నలుగురి ఘనత తగ్గదు. తమకు రానిదేమిటో తెలిసి, వచ్చినవారిని వెతికి తెచ్చుకోవడం కూడా వాళ్ల ప్రజ్ఞలో భాగమే.

ఈ బయటివారిలో మన దేశపు కళాకారులూ ఉన్నారు. 1965లో ‘నార్వీజియన్ వుడ్’లో హారిసన్ సితార్‌ను గిటారుకు బదులుగా, పాట బాణీనే మీటడానికి వాడారు. మరుసటి ఏడాది ‘లవ్ యు టు’ నాటికి తబలా మీద అనిల్ భాగవత్ ఉన్నారు, ఆ ఆల్బం అట్ట మీద ఆయన పేరు అచ్చయింది. 1967లో ‘వితిన్ యు వితౌట్ యు’కు వచ్చేసరికి హారిసన్ తప్ప మిగతా ముగ్గురు బీటిల్స్ లేనే లేరు. లండన్‌లో ఉంటున్న భారతీయ కళాకారులు దిల్‌రుబా, తబలా, తంబురా వాయించారు. దిల్‌రుబా మీద ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఆ నడకను ఎనిమిది వయొలిన్లు, మూడు చెలోలు అనుసరించేలా మార్టిన్ స్వరం రాశారు. స్వరాన్ని నిలకడగా పట్టడం నేర్చిన ఆ ఆంగ్ల వాద్యకారులకు జారుడు కష్టమైన పని. మన గమకాలకు అలవాటైన చెవికి ఆ ప్రయాస వెంటనే తెలుస్తుంది. ఈ పాటను మనం ఇంగ్లీషు శ్రోత కన్నా దగ్గరగా వినగలం. అన్నా జోషి, అమృత్ గజ్జర్, బుద్ధదేవ్ కన్సారా, నట్వర్ సోని అనే ఆ భారతీయ వాద్యకారుల పేర్లు ఆనాటి అట్ట మీద లేవు. ప్రపంచమంతా విన్న ఆ రికార్డులో వాళ్లెవరో లోకానికి తెలియడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. 1968 జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్.ఎం.వి. స్టూడియోలో మన వాద్యకారులతో ‘ది ఇన్నర్ లైట్’ సంగీతం రికార్డు చేసి, లండన్‌లో గొంతు కలిపారు. ఎవరు వాయించారన్న ప్రశ్న ఇక్కడికి వచ్చేసరికి రసాస్వాదనను దాటి న్యాయంగా మారుతుంది. పేరు దక్కని కళాకారుడికి పేరు చెల్లించడం శ్రోత తీర్చగలిగిన బాకీ.

మరో అభ్యంతరం: పాట మనసుకు తగిలితే చాలదా, ఈ ఆరాలెందుకు అని. తగలడానికి ఆరాలు అక్కర్లేదు, నిజమే. తగిలినదాన్ని నిలుపుకోవడానికి కావాలి. వందోసారి విన్నప్పుడు కూడా కొత్తగా వినబడాలంటే చెవికి వెతకడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇంకొందరు ఈ వివరాలను నమ్మేదెలా అంటారు. జాగ్రత్త అవసరమే. స్టూడియో కాగితాలు ఏ రోజు ఏ పాట ఎన్నోసారి రికార్డయిందో రాస్తాయి కానీ, ప్రతి వాద్యం ఎవరి చేతిలో ఉందో ఎప్పుడూ రాయవు. మార్క్ లూయిసన్ ఇ.ఎం.ఐ. టేపులు విని, కాగితాలు చూసి 1988లో ప్రచురించిన పుస్తకం ఎన్నో సందేహాలు తీర్చింది. అయినా ‘షీ సెడ్ షీ సెడ్’లో బేస్ ఎవరిదన్న వాదం మిగిలింది. తాను ఆ రోజు మాటపట్టింపుతో బయటకు వెళ్లిపోయానని మెకార్ట్నీ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. పరిశోధకులందరూ ఒక మాట మీదకు రాలేదు. కాగితం, టేపు, జ్ఞాపకం, చెవి అనే నాలుగు సాక్ష్యాలు కలిసిన చోట నమ్మకంగా చెప్పాలి, కలవని చోట వాదం వాదంగానే ఉంచాలి. ఆ వాదాన్ని తేల్చుకోవడానికి పాటను మరోసారి శ్రద్ధగా వినాల్సి వస్తుంది. అది నష్టం కాదు.

చివరగా ఒక్క పాటతో సాధన మొదలుపెట్టమని కోరుతున్నాను. 1969 నాటి ‘అబ్బీ రోడ్’ ఆల్బం చివర్లో ‘ది ఎండ్’ అనే చిన్న పాట ఉంది. మొదట కొద్దిగా పాడాక, రింగో డ్రమ్స్ ఒంటరిగా వినబడతాయి. బీటిల్స్ రికార్డుల్లో ఆయన తని ఆవర్తనం అదొక్కటే. ఆ తర్వాత ముగ్గురు గిటార్లు అందుకుంటారు. మెకార్ట్నీ, హారిసన్, లెనన్, అదే వరసలో, ఒక్కొక్కరు కొద్ది క్షణాలపాటు, మూడు చుట్లు. మొదటిసారి విన్నప్పుడు ఒకే గిటారు అనిపించవచ్చు. రెండోసారి వేళ్లు మడుస్తూ వినండి. మెకార్ట్నీది దూకుడు, హారిసన్‌ది తీగ సాగదీసి పాడించే గుణం, లెనన్‌ది మొరటుగా గీకే పదును. మూడు చేతులూ వేరుగా తెలిసిన తర్వాత అదే చెవిని మన పాటలకూ తిప్పండి. పాత తెలుగు సినిమా పాటల రికార్డుల మీద గాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు ఉంటాయి. చరణాల మధ్య ఆ వేణువు ఊదినవారి పేరు, ఆ వయొలిన్ బృందంలోని పేర్లు చాలావాటి మీద కనబడవు. మీకు నచ్చిన ఒక పాట ఎంచుకుని, అందులో ఒక వాద్యాన్ని మొదటి నుంచి చివరి దాకా వెంబడించండి, అది వాయించిందెవరో తెలుసుకునే ప్రయత్నం చేయండి. తెలిసిన పేరును పక్కవారికి చెప్పండి.