పుస్తకం ఉండటం వేరు, దొరకడం వేరు

   పట్టాలు అందుకోబోతున్న మీకు ఫొటోల తొందర ఉంది, ఆ నల్లగౌన్లలో మీరు పడుతున్న ఉక్కపోత నాకు కనిపిస్తూనే ఉంది.

ప్రిన్సిపాల్ గారు నన్ను 'గ్రంథాలయ రంగ నిపుణులు' అని పరిచయం చేశారు. అంత లేదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా నాలుగు కళాశాలలు తిరిగి, లైబ్రేరియన్‌గా రిటైరైనవాణ్ణి. మాది కొల్లేరు సరస్సు పక్క ఊరు. స్నాతకోత్సవాలకు శాస్త్రవేత్తల్నీ కలెక్టర్లనీ పిలుస్తారు గానీ లైబ్రేరియన్ని పిలిచేవాళ్లు అరుదు. మీ ఉంగుటూరు కళాశాలవాళ్లు పిలిచారు కాబట్టి ఇక వదలను. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి లైబ్రరీ అంటే కార్డు క్యాటలాగు. చెక్క సొరుగులు, వాటినిండా అరచేతిలో పట్టే కార్డులు, కార్డుల కింది చిల్లుల్లోంచి దూర్చిన ఇనప ఊచ. ఒకరోజు జువాలజీ కుర్రాడొకడు వచ్చి, "కొల్లేరు మీద ఏమైనా ఉందా సార్?" అన్నాడు. డ్యూయీ వర్గీకరణలో చేపల పెంపకం 639, పక్షులు 598, వరద కట్టలూ డ్రెయిన్లూ 627. సరస్సు ఒక్కటే, మా బీరువాల్లో మాత్రం మూడు దిక్కుల ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటి సంగతి ఇంజనీర్ల బీరువాలో. ఆ నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి సరిగ్గా పోకపోతే చేపకేమవుతుందో వేరే బీరువాలో. ఆటపాక పెలికాన్ల కథ ఇంకో మూల. వాణ్ణి వదిలేస్తే చేపల బీరువా దగ్గరే ఆగిపోయేవాడు. మిగతావి కూడా తీసి బల్ల మీద పెట్టాను. మళ్లీ ఎవరైనా అడిగితే పనికొస్తుందని 'ఇవి కూడా చూడండి' అంటూ ఒక కార్డు రాసి సొరుగులో చేర్చాను.

మా వృత్తి అంతా ఆ ఒక్క కార్డులో ఉంది. పుస్తకాలకు కాపలా కాయడానికైతే వాచ్‌మన్ చాలు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నేను సంబరపడ్డవాళ్లలోనే ఉన్నాను. కోహా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక చిన్న కళాశాల కూడా సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టకుండా క్యాటలాగును కంప్యూటర్‌లోకి ఎక్కించుకోగలిగింది. అయితే నేను పనిచేసిన ఒకచోట, పేరు అడక్కండి, ఆ ఎక్కించే పనిని రికార్డుకింత అని కాంట్రాక్టుకిచ్చారు. వచ్చినవాళ్లకు తెలుగు టైపింగు రాదు. తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టుకుంటూ పోయారు. పని అయిపోయిందని పాత కార్డులన్నీ కాటాకేసి అమ్మేశారు.

ఆ తర్వాత తెలుగులో 'కొల్లేరు' అని కొడితే ఒక్క పుస్తకం రాలేదు. ఇంగ్లీషులో రెండు 'ఎల్'లతో కొడితే కొన్ని, ఒక 'ఎల్'తో కొడితే వేరే కొన్ని వచ్చాయి. 'గ్రంథం'లో 'హెచ్'ని ఒకరు 'టి' పక్కన పెట్టారు, ఇంకొకరు 'డి' పక్కన పెట్టారు, మూడోవారు అసలే మానేశారు. పుస్తకాలన్నీ బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. అడిగినవాడికి మాత్రం 'లేవు' అనే జవాబు. గుర్రపుడెక్క కమ్మిన కొల్లేరులా తయారైంది మా లైబ్రరీ: కింద నీళ్లున్నాయి, పడవే కదలదు.

ఇది ఒక్క కళాశాల గోలే అయితే ఈ మైకు ముందు ఎత్తేవాణ్ణి కాదు. ఈ శతాబ్దం మొదట్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పెద్ద పని, మెచ్చుకోవాల్సిన పని. కానీ పేర్లు మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, తప్పుల తడకగా. ఆ సైటు ఆగిపోయాక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కాపీలు బతికాయి, అవే తప్పుల పేర్లతో. తెలుగు వికీపీడియా ఔత్సాహికులు ఓపిగ్గా కూర్చుని ఆ పుస్తకాల జాబితాను తెలుగు లిపిలోకి ఎక్కించే పనికి దిగారు. నిజానికి అది జీతాలు తీసుకునే లైబ్రేరియన్లు చేయాల్సిన పని.

మనకు ఈ గతి పట్టాల్సింది కాదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నవాళ్లం. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి జీవితమంతా ధారపోశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కవి అబ్బూరి రామకృష్ణారావు గారు లైబ్రేరియన్‌గా కూర్చున్నారు. 1935 ప్రాంతంలో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెత్తి కృష్ణా కాలువ మీద ఊరూరా తిప్పారు. చదివేవాడు ఎటు తిరుగుతున్నాడో చూసుకుని, పుస్తకాన్ని అటు పంపారాయన. ఆ రోజుల్లో జనం దారి కాలువ. ఇవాళ మీ దారి ఫోను.

మరి మన కళాశాల లైబ్రరీలు ఆ దారిన వస్తున్నాయా? 'డిజిటల్ లైబ్రరీ' అని బోర్డు పెట్టి, ఏసీ గదికి తాళం వేసి, కళాశాలలకు గ్రేడిచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు తెరిచే వైభవం నేను చూశాను. ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ పథకం ద్వారా కళాశాల విద్యార్థి ఇంటి దగ్గర్నుంచే జర్నళ్లు చదువుకోవచ్చు. ఆ లాగిన్ పిల్లల చేతికిచ్చిన కళాశాలలెన్ని? 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'ను ఆమోదించింది. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నళ్లు, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలకు ఇది చిన్న వరం కాదు. కానీ ఆ 13 వేల జర్నళ్ల ముందు లంక గ్రామం నుంచి వచ్చిన బీఎస్సీ పిల్లను ఒంటరిగా నిలబెడితే ఏం చేస్తుంది? ఆమె పక్కన కూర్చుని 'ఇది చేప సంగతి, దీనికి నీటి సంగతి కూడా చూడమ్మా' అనే మనిషి కావాలి. అలాంటి లైబ్రేరియన్ల ఖాళీలు భర్తీ చేయకుండా సర్వర్లు కొంటే లాభం లేదు.

ఇంకో మాట. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ రోజుల కరపత్రాలు, మత్స్యకారుల సొసైటీల మినిట్స్ పుస్తకాలు, చేత్తో గీసిన చెరువు పటాలు ఏ అంతర్జాతీయ డేటాబేస్‌లోనూ లేవు. మీ ఇళ్లలో ఇనప్పెట్టెల్లో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, తెలుగులో పేరు, ఊరు, సంవత్సరం రాసి అందరికీ అందుబాటులో పెట్టే పని ఈ ప్రాంతపు కళాశాల లైబ్రరీ తప్ప ఇంకెవరూ చేయరు.

ఇప్పుడు మీ వంతు. ఒరే అబ్బాయిలూ, అమ్మాయిలూ, నవ్వకండి. ఆ కాంట్రాక్టు కుర్రాళ్లను తిట్టాను గానీ, మీరు వాట్సాప్‌లో అమ్మకు రాసే తెలుగు ఏ లిపిలో ఉంది? మొన్న ఒక పిల్లాడు చాట్‌జీపీటీ ఇచ్చిన పుస్తకాల జాబితా పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అందులో సగం పుస్తకాలు భూమ్మీద పుట్టనే లేదు. పుట్టని పుస్తకానికి పేజీ నంబరు కూడా ఉంది! యంత్రాన్ని అడగండి, నేనేమీ వద్దనను. అది చెప్పిన పుస్తకాన్ని ఒకసారి కళ్లతో చూశాకే మీ రిపోర్టులో పేరు రాయండి.

ఇవాళ పట్టా చేతికొచ్చాక రేపోమాపో మీ కళాశాల లాగిన్లు ఆగిపోతాయి. కంగారు పడకండి. నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పరిశోధన గ్రంథాలకు శోధ్‌గంగ, వ్యవసాయం వాళ్లకు కృషికోశ్ ఉన్నాయి. వాటిలో వెతకడానికి ఈ కళాశాలతో పని లేదు. ఉద్యోగాల వేటలో పడి వెతకడం మాత్రం మరిచిపోకండి.

ఆఖరుగా ఒక్క కోరిక. చాలామంది లైబ్రరీకి వచ్చేది నో డ్యూస్ సంతకానికే అని నాకు తెలుసు. ఈసారి ఉత్త చేతులతో వెళ్లకండి. మీ ప్రాజెక్టు రిపోర్టు ఫైలొకటి, మీ ఊరి పాత కాగితం ఫొటో ఒకటి లైబ్రేరియన్ గారికి ఇవ్వండి. దాని పేరు, రాసినవారి పేరు, సంవత్సరం తెలుగు లిపిలో, తప్పుల్లేకుండా మీరే టైపు చేసి ఇవ్వండి. మీ తర్వాత వచ్చే పిల్లలు వెతికినప్పుడు అది వాళ్లకు దొరకాలి.